జీపులో వచ్చిన కేకు

మొన్న రాజోలులో బేకరీ ముందు కేకు వాసన తగిలి, సమ్మె నాటి క్రిస్మస్ గుర్తొచ్చింది.

మా నాన్న టెలిఫోన్ కంపెనీలో స్తంభాలెక్కే పనివాడు. పర్మినెంటు చేయమని తోటివాళ్లతో కలిసి టెంటు వేసుకుని కూర్చున్నాడు. పండగ ముందురోజు కంపెనీ జీపు మా ఇంట్లో ఒక కేకు డబ్బా దింపి వెళ్లింది. నాన్న మొహం మాడిపోయింది.

"మంచం కిందకి తోసెయ్యి. ఎవరన్నా చూస్తే నేను కంపెనీకి అమ్ముడుపోయాననుకుంటారు" అన్నాడు అమ్మతో.

అదేం మాటో నాకు అర్థం కాలేదు. పండక్కి ఇరుగుపొరుగుకి పళ్లెం పంపడం మా పేటలో అలవాటు. మంచం కింద డబ్బా తీసి, అరిసెల పక్కన కేకు ముక్కలు పెట్టుకుని మరియమ్మత్త ఇంటికి వెళ్లాను. వాళ్లాయనా సమ్మెలోనే ఉన్నాడు. ముక్క చూడగానే అత్త తలుపేసింది.

"ఎక్కడిదే ఇది?"

"జీపులో వచ్చిందత్తా."

అత్త బియ్యం డబ్బా వెనక నుంచి అలాంటి డబ్బాయే తీసింది.

సాయంత్రానికి అందరి డబ్బాలూ టెంటులోకి వచ్చేశాయి.

"నాకొక్కడికే పంపేరనుకుని హడలిపోయేనండీ బాబూ!" అని ఒకటే నవ్వులు.

"మా ఇంటికి రాలేదండీ" అన్నాడు ఏసుదాసు మావయ్య.

నవ్వులు ఆగిపోయాయి.

"ఆయ్, కంపెనీ ముందే కొనేసిన మనిషికి మళ్లీ కేకెందుకండీ?" అన్నారెవరో.

కేకు అందలేదని ఆయన మీద జాలిపడుతున్నారనుకుని, నా ముక్క ఇచ్చాను. ఆయన పట్టుకున్నాడు గానీ తినలేదు. పక్కనున్న మా నాన్న కాస్త ఎడంగా జరిగి కూర్చున్నాడు.

జీపువాడు ఆ ఇల్లు మరిచిపోయాడేమోనని మా పేటలో ఒక్కరికీ తోచలేదు.