ఒక్క లైను పాడటానికి ఆళ్లగడ్డకు

ఉదయం ఏడుంబావుకు డోన్‌లో రైలెక్కాం, నేనూ మా పెద్దమ్మ రూతమ్మా. వచ్చే వారం ఆమెకు థైరాయిడ్ ఆపరేషన్. గొంతు మారినా మారొచ్చని డాక్టర్ ముందే చెప్పాడు. అందుకే ఆమె సొంతంగా కట్టిన పాటను ఇంట్లోనే నా ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి, వెనక కీబోర్డు సంగీతం కలిపాను. తీరా వింటే రెండో చరణం చివరి లైను మీద కుక్కర్ విజిల్ పడింది. ఆ లైను మంచి మైకు ముందు మళ్లీ పాడించడానికే ఈ ప్రయాణం.

తొమ్మిదికి నంద్యాలలో దిగి, ఉగ్గాని తిని, ఆళ్లగడ్డ బస్సెక్కాం. పెద్దమ్మ మెడకు మఫ్లర్ చుట్టుకుంది.

"ఇంత ఎండలో అదేందమ్మా?" అంది పక్క సీటావిడ.

"గొంతు దాచుకుంటాండా," అంది పెద్దమ్మ.

పదకొండుకు, పాటలు రికార్డు చేసే యేసురత్నం అన్న దగ్గరికి చేరాం. ఆయన గది పక్కనే శిల్పాలు చెక్కే షెడ్లు. గోడలకు బొంతలు కట్టినా ఉలి చప్పుడు లోపలికి వస్తూనే ఉంది.

"ఒంటిగంటకు వాళ్లు అన్నానికి పోతారు. అప్పుడు పాడుదువులే పెద్దమ్మా," అన్నాడాయన.

ఆలోగా నా రికార్డింగు తెరిచాడు. ఇంట్లో నేను గొంతు వినబడటం లేదని దాన్నే పెంచుతూ పోయాను. ఆయన గొంతు జోలికే పోలేదు. కీబోర్డు మోతలో దానికి అడ్డం వచ్చే భాగాన్ని మాత్రం కొంచెం తగ్గించాడు. పెద్దమ్మ మాటలు ముందుకొచ్చాయి! గొంతూ కీబోర్డూ విడివిడి ఫైళ్లుగా తెచ్చాను కాబట్టి సరిపోయింది. వెళ్లేవాళ్లు అలాగే తీసుకెళ్లండి.

ఒంటిగంటకు ఉలులు ఆగాయి. పెద్దమ్మ నాలుగుసార్లు పాడింది. నాలుగుసార్లూ పైస్థాయిలో గొంతు చీలింది. ఆమె ముఖం వాడిపోయింది.

ప్రతి చరణం చివరా "చూడు దేవా నా చేను" అనే వస్తుంది. అన్న మొదటి చరణంలోని ఆ లైనును తెచ్చి, ఊపిరి పీల్చే చోట కత్తిరించి, రెండు కొసలూ ఒకదాని మీదికి ఒకటి జరిపి అతికించాడు. ఇంట్లో నేను చేసినప్పుడు అతుకు టక్కుమని తెలిసిపోయేది. ఇక్కడ ఎంత వెతికినా దొరకలేదు.

పెద్దమ్మ కళ్లు మూసుకుని వింది.

"బాగుందప్పా. వద్దు."

"ఎందుకమ్మా? రెండూ నీ గొంతే గదా?" అన్నాడు అన్న.

"మొదటిది చేను ఎండినప్పుడు ఏడుస్తా పిలిచింది. రెండోది వానొచ్చినాక పిలిచింది. రెండూ ఒకటెట్లయితాయి?"

ఆయన మళ్లీ మైకు పెట్టాడు. ఈసారి ఆమె స్థాయి తగ్గించి, దాదాపు మాట్లాడినట్టే పాడింది. చివర గొంతు వణికింది.

"జీర ఉంది మరి," అన్నాడు అన్న.

"ఉండనీ."

ఆయన ఆ లైను దగ్గర కీబోర్డును పూర్తిగా ఆపేశాడు. గొంతొక్కటే మిగిలింది. అప్పటికి షెడ్లలో పని మళ్లీ మొదలైంది.

నాలుగు గంటల బస్సుకు నంద్యాల చేరి, తిరుగు రైలెక్కాం. అందాకా నేను రికార్డింగంటే తప్పులు తుడిచేయడమే అనుకున్నాను. పాటను దాని మనిషి దగ్గరికి చేర్చడం కూడా అందులో ఉందని అప్పుడు తెలిసింది. ఆ లైను వస్తుండగా పెద్దమ్మ ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది.

"ఈడ నవ్వుతాండా. తెలుస్తాందా?"

వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. నిజమే, నవ్వుతోంది.