మా అత్తగారు తడిపిన దారి

మా అత్తగారు పోయారన్న కబురు నాకు పుదుచ్చేరి మేట్టుపాళయంలో, నేను పనిచేసే ఫ్యాక్టరీలో అందింది. ఫోన్లో మా బావగారు, మా ఆయన అన్న, "అమ్మ పోయిందమ్మా, వచ్చేయ్" అన్నారు. పొద్దున నాకు అంబలి కలిపి ఇచ్చిన మనిషి. ఆ గ్లాసు కడగకుండా వచ్చేశానే అన్నదే ముందు తోచింది. ఏడుపు ఆ తర్వాత బస్సులో వచ్చింది.

నేను నెల్లూరు పిల్లను. పెళ్ళయ్యాక పుదుచ్చేరి వచ్చాను. అత్తగారిది అక్కడి మురుంగపాక్కంలో తరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఆవిడకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. ఇప్పుడు రాస్తున్న ఇది నేను చదివి వినిపించినా, మధ్యలోనే "చాల్లే మే, పొయ్యి మీద పాలుండాయి" అని లేచిపోయేవారు.

పరుగు నాకు పెళ్ళికి ముందు నుంచే ఉన్న పిచ్చి. కోడలు ప్యాంటు వేసుకుని తెల్లవారకముందే రోడ్డెక్కితే వీధి ఊరుకుంటుందా? బావగారికీ నచ్చేది కాదు. అత్తగారు మాత్రం ఒక్కటే అడిగారు.

"ఎవురన్నా తరుముతా ఉండారా?"

"లేదత్తా."

"మరింకేంది, పోయి రా. ఏమన్నా తాగి పో. కడుపు కాలితే దోవ పొడుగవుద్ది."

నేను తిరిగొచ్చేసరికి అరుగు మీద అంబలి చెంబు పక్కన పెట్టుకుని కూర్చుని ఉండేవారు. "తొందర కాళ్ళల్లో ఉండాల, మనసులో ఉండగూడదు" అనేవారు. ఆ మాట చెప్పే మనిషి మాత్రం బస్సుకు అరగంట ముందే చెప్పులేసుకుని గడపలో నిలబడేవారు.

ఒక యేడు ఊళ్ళో మారథాన్ పెట్టారు. నలభై రెండు కిలోమీటర్లు. సముద్రం పక్క రోడ్డు మీద మొదలై, వీరాంపట్టినం మీదుగా చుట్టు తిరిగి, మా వీధి గుండా వెనక్కి రావాలి. అయిదు గంటల్లో ముగించాలని నా ఆశ. మా వీధి మలుపు తిరిగేసరికి ఆ ఆశ ఇంకా బతికే ఉంది. చూస్తే మా గడప ముందు అత్తగారు, పసుపునీళ్ళ బిందె, వేపాకు, హారతి పళ్ళెం! అమ్మవారి తిరునాళ్ళకు మొక్కు మోసుకుని నడిచేవాళ్ళను ఇంటింటి ముందూ ఆపి, కాళ్ళ మీద పసుపునీళ్ళు పోయడం ఇక్కడి ఆచారం. అంత దూరం కాళ్ళతో పోయేది మొక్కు కాక మరేమిటి అనుకున్నారావిడ. నీళ్ళు పోసేటప్పుడు కదలకూడదు. హారతి అయ్యేదాకా నిలబడ్డాను. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు ఊరుకుంటారా, వాళ్ళూ బిందెలతో సిద్ధం. వీధి దాటేసరికి నేను సగం అమ్మవారినైపోయాను. తడి బూట్లలో పాదాలు బొబ్బలెక్కి, కుంటుకుంటూ చేరేసరికి అయిదు గంటలు దాటి చాలాసేపయింది.

ఇంట్లో బూట్లు విప్పితే అత్తగారు నా పాదాలు చూశారు. "నేనే గదమే నీ కాళ్ళు కట్టేసింది" అని కొబ్బరినూనె రాస్తూ ఏడ్చారు. "ఊరుకో అత్తా, అంత దీవెన ఎవరికి దక్కుద్ది" అన్నాను గాని, నాకూ ఏడుపుగానే ఉంది.

బావగారికి అదే అదను. "పడిన పాట్లు చాలు, ఇంక మానెయ్యమ్మా" అన్నారు. ఆ ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు. అత్తగారు నూనె చేతులతోనే లేచారు. "ఇంకొక తూరి పరిగెత్తనీరా. ఈ తూరికంటే సీక్రం రాకుంటే నేనే మానిపిస్తా." సీక్రం అంటే త్వరగా. వీళ్ళ తెలుగులో తమిళం అలా కలిసిపోయి ఉంటుంది. ఆ మాటతో నా పరుగు ఆవిడ కొంగుకు ముడిపడింది. ఈసారి త్వరగా వస్తే ఉంటుంది, లేకపోతే లేదు.

మరుసటి యేడు మళ్ళీ అదే మలుపు. ఎండ నెత్తికెక్కింది, తొడలు బిగుసుకుపోయాయి. ఎన్ని బిందెలు కాచుకుని ఉన్నాయోనని నా భయం. తీరా చూస్తే వీధిలో ఒక్కరూ అడ్డం లేరు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తారురోడ్డు తడిసి నల్లగా ఉంది. ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని గోడలకు ఆనుకుని ఉన్నారు. అత్తగారు రెండు చేతులూ చాచి వాళ్ళను వెనక్కి నెడుతూ, "ఎవురూ తాకొద్దు! దోవ ఇడవండి! పో మే, పో, నన్ను జూడొద్దు!" అని అరుస్తున్నారు. ఎండలో ఒట్టికాళ్ళతో మొక్కు మోసేవాళ్ళకు పాదాలు కాలకుండా దారి తడిపినట్టే నాకూ తడిపించారు. బూట్లున్నా ఆ చల్లదనం నా మోకాళ్ళ దాకా పాకింది. తల తిప్పకుండా పరిగెత్తాను. అయిదు గంటల లోపే చేరాను.

ఇంటికొచ్చాక అప్పుడు పోశారు పసుపునీళ్ళు, ఒట్టి పాదాల మీద, తాపీగా. "ఇప్పుడు కదలగూడదు" అన్నారు. బావగారు పేపరు వెనక నుంచే, "ఎంతలో వచ్చినావు?" అని అడిగారు. మానెయ్యమని ఆయన మళ్ళీ ఎన్నడూ అనలేదు.

ఆవిడ పోయిన మరునాడు, పాడె కట్టి బయల్దేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. తల్లికి చిన్నకొడుకే తలకొరివి పెట్టాలి గనుక మా ఆయన నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడ్డారు, చెప్పుల్లేని కాళ్ళతో. నడివేసవి ఎండకు తారు మెత్తబడి ఉంది. ఆడవాళ్ళం వీధి మలుపు దాటకూడదు. నేను ఆయన పాదాలనే చూస్తూ ఉన్నాను. ఉన్నట్టుండి లోపలికి పోయి, అత్తగారి బిందె నింపుకుని, పాడె కంటే ముందు వీధిలోకి పరిగెత్తాను.

"ఏంది మే ఇది, యాడికి?" అన్నారెవరో.

"పొయ్యనీండి" అన్నారు బావగారు.

బిందె ఒలికించి వెనక్కి తిరిగేసరికి ఎదురింటావిడ తన బిందె అందించింది, ఆ తర్వాత పక్కింటావిడ. మలుపు దాకా తడిపి పక్కకు తప్పుకున్నాం. ఖాళీ బిందెలతో అందరం గోడలకు ఆనుకున్నాం. ఎవరం అడ్డం రాలేదు. పరుగు రోజున "నన్ను జూడొద్దు" అన్న మనిషిని, మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను.