రూతమ్మ ఆంటీ పిల్లుల మీద నేను వేసిన నింద

నిన్న పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా షీలా ఫోన్ చేసింది. "అమ్మ పోయిందన్నా" అంది.

ఎక్కడికి అని అడిగాను. అంత తెలివితక్కువగా అడిగాను. అవతల ఏడుపు వినపడ్డాక గానీ అర్థం కాలేదు.

షీలా వాళ్ళ అమ్మ రూతమ్మ ఆంటీ. మా వర్తూరు అపార్ట్‌మెంట్‌లో గ్రౌండ్ ఫ్లోర్. మదనపల్లె నుంచి ఎప్పుడో వచ్చి, బెంగళూరులోనే నర్సుగా చేసి రిటైరయ్యారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

అందరూ ఫోటోలు పెట్టి మంచి మాటలు రాస్తున్నారు. నేనూ రెండు లైన్లు రాసి ఊరుకోవచ్చు. కానీ సిగ్గుతో చచ్చిపోతున్నాను. జరిగింది చెప్పాలి.

కిందటేడు మా పిల్లి బూందీకి పొట్ట ఉబ్బింది. అప్పటికి దానికి ఏడు నెలలు. తిండి మానేసింది, జ్వరం దిగట్లేదు. డాక్టర్ పొట్టలోంచి నీరు తీసి టెస్ట్‌కి పంపారు. రిపోర్ట్ నా ఫోన్‌కి వచ్చింది. అందులో నా కళ్ళకి ఆనింది ఒకటే ముక్క. కరోనావైరస్ పాజిటివ్.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా దగ్గర ఏదైనా ప్రోగ్రామ్ కూలిపోతే, ఎందుకు కూలిందో తెలియకముందే ఫిర్యాదు టికెట్ ఎవరి పేరు మీద వెయ్యాలో తేల్చేస్తాం. ఇంట్లోనూ అదే బుద్ధి. బూందీ గడప దాటని పిల్లి. మరి దీనికి ఎవరు అంటించారు? కింద ఆంటీ రోజూ అన్నం పెట్టే వీధి పిల్లులు నాలుగున్నాయి కదా!

డాక్టర్‌కి ఫోన్ కూడా చెయ్యలేదు. మా అపార్ట్‌మెంట్ ఓనర్స్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ కొట్టాను. "గ్రౌండ్ ఫ్లోర్ పిల్లుల వల్ల మా పిల్లికి కరోనా వచ్చింది. చిన్నపిల్లలున్నవాళ్ళు జాగ్రత్త." కింద రిపోర్ట్ ఫోటో.

ఇంకేముంది. కరోనా అన్న మాట చాలు.

మూడో రోజుకల్లా అసోసియేషన్ వాళ్ళు మనుషుల్ని పిలిపించి, నాలుగు పిల్లుల్నీ బోనుల్లో పట్టించి ఎక్కడో వదిలేయించారు. ఆంటీ అద్దెకుంటారు కాబట్టి ఆ గ్రూపులో లేరు. రాసింది ఎవరో ఆవిడకి తెలియదు.

నాలుగో రోజు డాక్టర్ నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

ఈ వైరస్ చాలా పిల్లుల పేగుల్లో ఉంటుందట. మహా అయితే నాలుగు రోజులు విరేచనాలు, అంతే. మనుషులకి రాదు. మనల్ని ఇళ్ళలో కూర్చోబెట్టిన కరోనా వేరు. పిల్లి లోపల అది తన కాపీలు తానే తీసుకుంటూ పోతుంటే తప్పులు దొర్లుతాయి. ఎప్పుడో ఒక పిల్లిలో ఆ తప్పుల వల్ల దాని గుణమే మారిపోతుంది. పేగు వదిలేసి, ఒంటిని కాపాడాల్సిన తెల్ల రక్తకణాల్లోకే దూరి, వాటితోపాటే ఒళ్ళంతా తిరుగుతుంది. దాన్నే ఎఫ్‌ఐపీ అంటారు.

"ఆ మారిన వైరస్ మీ పిల్లి ఒంట్లోనే పుట్టింది. మామూలుగా అది పక్క పిల్లి నుంచి రాదు. మొదటి వైరస్ అంటారా, చిన్నప్పుడే పిల్లులు గుంపుగా ఉన్నచోట అంటుకుని ఉంటుంది" అన్నారు డాక్టర్.

బూందీని నేను తెచ్చుకుంది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇరవై పిల్లులున్న ఇంటి నుంచి.

ఆ సాయంత్రమే గ్రూపులో ఒక్క లైను రాసి ఉండాల్సింది. "నేను పొరబడ్డాను" అని టైప్ చేశాను కూడా. చెరిపేశాను. అంతమందిలో పరువు పోతుందనిపించింది.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది.

బూందీకి పన్నెండు వారాలు రోజూ ఇంజెక్షన్ చెయ్యాలన్నారు. నాకు సూదంటేనే భయం. సంగతి తెలిసి ఆంటీయే పైకి వచ్చారు.

"ఇట్లా ఇయ్యప్పా. ఎంతమందికి ఏసిన చెయ్యి ఇది" అన్నారు.

రోజూ పొద్దున ఏడున్నరకి వచ్చేవారు. ఆదివారమైతే చర్చి చీరలోనే. మాది మూడో అంతస్తు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. లిఫ్ట్ పనిచెయ్యకపోతే మెట్టు మెట్టుకీ ఆగుతూ వచ్చేవారు గానీ మానలేదు. ఆ మందు బాగా మండుతుంది. బూందీ ఆవిడ చెయ్యంతా రక్కేసేది.

"రక్కు తల్లీ, రక్కు. నీకు బలం వస్తా ఉండాది" అని నవ్వేవారు.

ఒకరోజు టీ తాగుతూ అన్నారు. "నా పిల్లులు యాడుండాయో ఏమో అప్పా. వాటికి జబ్బుండాదని ఎవరో రాసినారంట. పోనీలే, తెలీక రాసింటారు. జనానికి భయం ఉంటాది గదా."

"అవునాంటీ" అన్నాను.

బూందీ బతికింది. కొత్తగా చూసినవాళ్ళు దానికి జబ్బు చేసిందంటే నమ్మరు.

ఆంటీ మాత్రం సాయంత్రమయ్యేసరికి వెనక గోడ దగ్గర గిన్నె పెట్టి, నాలుగింటినీ పేరుపేరునా పిలిచేవారు. ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ పిలుపు నాకు పైకి వినపడేది. బాల్కనీ తలుపు వేసేసుకునేవాణ్ణి.

ఈరోజు మధ్యాహ్నం హొసకోటెలో ఆంటీని సమాధి చేశారు. మట్టి వేసి వస్తుంటే షీలా నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మ ఎప్పుడూ మీ మాటే చెప్తా ఉండె అన్నా. 'ఆ గ్రూపులో నా పిల్లుల కోసం మాట్లాడింటే ఆ మూడో అంతస్తు అబ్బాయి ఒక్కడే మాట్లాడింటాడు' అనేది."

నేను అక్కడ కూడా తల ఊపాను.

లేదు షీలా. ఆ మెసేజ్ రాసిందే నేను. అమ్మ పిల్లుల వల్ల ఎవరికీ ఏ జబ్బూ రాలేదు. ఆ సంగతి తెలిసి కూడా ఏడాదిగా నోరు మూసుకున్నాను. ఈ పోస్ట్ ఓనర్స్ గ్రూపులో కూడా పెట్టాను. నన్ను ఎవరేమన్నా పడతాను.

ఆంటీ, ఈ మాట మీరు టీ తాగుతూ కూర్చున్న రోజే మీ ఎదురుగా చెప్పాల్సింది.

వెళ్ళిరండి. మీ ప్రాణం చల్లగా, ప్రశాంతంగా ఉండాలి.