హమ్మయ్య అనే ఆవిడ

‘హమ్మయ్య’ అన్న ఒక్క మాట అబద్ధమవుతుందా? ఇప్పటికీ నాకు తేలలేదు.

ప్రకటనలకు గొంతిచ్చే ఆవిడకు ఆ మాటే అన్నం పెట్టింది. నొప్పుల నూనె అయినా, షుగరు తగ్గించే పొడి అయినా, చివర్లో ఆవిడ ‘హమ్మయ్య’ అంటే వినేవాళ్ళకు సగం బాధ తీరినట్టుండేది. ఆ పొడిని మాత్రం ఆవిడ ఏనాడూ నోట్లో వేసుకోలేదు.

ఆ ఉదయం అక్కను చూడబోతే పాదాలు వాచి ఉన్నాయి. రెండు నెలలుగా మాత్రలు మానేసి ఆ పొడే తాగుతోందట.

“ఎవరు మానమన్నారక్కా?”

“నువ్వేగా! రేడియోలో అంత హాయిగా అన్నావు. నా చెల్లెలు నాకు అబద్ధం చెబుతుందా?”

అక్కను ఆసుపత్రిలో చేర్చి, మధ్యాహ్నం స్టూడియోకు వచ్చింది గానీ ఆవిడకు కాలు నిలవలేదు. అదే పొడికి కొత్త ప్రకటన. చేతిలోని కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ ఉండిపోయింది.

“ఏంటమ్మా, హమ్మయ్యకి కూడా కాగితం చూడాలా?” గాజు అవతలి నుంచి రికార్డిస్టు నవ్వాడు.

“ఇది విని ఇంకెవరి అక్క మాత్రలు మానేస్తుందో!”

“మనం రాశామా ఏంటండీ? మీరు అంటారు, నేను ఎక్కిస్తాను, అంతే.”

అతను మీటలు సరిచేసుకుని తలెత్తేసరికి హెడ్‌ఫోన్లు మైకుకు వేలాడుతున్నాయి. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, ‘వెళ్ళొస్తా’ అని కూడా అనకుండా ఆవిడ వెళ్ళిపోయింది.