గడప మీది సద్ది

మిల్లు ముందు పత్తి తూకాలు జరుగుతుండగా ఆ వార్త తెలిసింది. కరీంనగర్ నుంచి వచ్చిన లారీ డ్రైవరు చిట్టీ నా చేతికిస్తూ, "మీ వకీలు సాబ్ పోయిండట, ఎరుకేనా?" అన్నాడు. ముందురోజు పొద్దున ముఖం కడుక్కొని వచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నవారు అట్లాగే ఒరిగిపోయారట. నేను చిట్టీ మీద బస్తాల లెక్క వేశాను. ఆ లెక్క తప్పని సాయంత్రం మేనేజరు చూపించేదాకా నాకు తెలియలేదు.

"మీ వకీలు సాబ్" అని డ్రైవరు ఎందుకన్నాడో జమ్మికుంటలో చాలామందికి తెలుసు. ఒకప్పుడు హుజూరాబాద్‌లో నాకు నూలు దుకాణం ఉండేది. అది మునిగినప్పుడు నేను ఐ.పి. పెట్టాను. అప్పులు తీర్చే శక్తి లేదని ఒప్పుకొని, ఉన్నదంతా కోర్టుకు అప్పగించి, అప్పిచ్చినవాళ్లకు తలా ఇంత పంచమని వేడుకోవడాన్ని మా దిక్కు అట్లా అంటారు. ఆ దరఖాస్తు రాసినవారు ఆయనే.

నిజాం కాలంలో ఉర్దూలో న్యాయశాస్త్రం చదువుకున్న మనిషి ఆయన. కోర్టు భాష మారినప్పుడు చాలామంది వకీళ్లు పని మానుకున్నారు. ఈయన మాత్రం నడి వయసులో ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకొని, నిఘంటువు పక్కన పెట్టుకొని మళ్లీ చదివారు. షేర్వానీ విడిచి నల్లకోటు తొడిగారు గానీ, అలవాటు పోక కోటు గుండీలు కూడా మెడదాకా పెట్టుకునేవారు. సెక్షన్లు ఇంగ్లీషులో చెప్పేవారు, పరేషాన్ అయితే ఉర్దూలో గొణుక్కునేవారు, తిట్టవలసి వస్తే తెలుగులో తిట్టేవారు.

నేను మొదటిసారి కరీంనగర్‌లో ఆయన ఇంటికి వెళ్లిన రోజు వరండాలో నాకంటే ముందు ఒక బట్టల వ్యాపారి ఉన్నాడు. అతనూ ఐ.పి. కోసమే వచ్చాడు.

"ఇల్లు బావమరిది పేరు మీద రాసి, అటెన్క దరఖాస్తు పెడ్త సాబ్. అందరు గట్లనే చేస్తున్నరు" అన్నాడు.

"రాయి. బాగనే ఉంటది. రేపు ఇల్లు నాదే పొమ్మని నీ బావమరిది అంటడు. వాని మీద దావా నేనే వెయ్యాలె. గా ఫీజు గూడ ఇప్పుడే ఇచ్చి పో" అన్నారు వకీలు సాబ్.

ఆ వ్యాపారి ఇల్లు రాయలేదని తర్వాత విన్నాను.

నన్ను ఆయన ఆ రోజు నుంచీ "సావుకారీ" అనే పిలిచారు. దుకాణం ఉన్నప్పుడు ఎవరూ నన్నట్లా పిలవలేదు. అది ఎగతాళో, ఓదార్పో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

కేసులో చిక్కు నా వల్ల రాలేదు, మా వాడలో బీడీలు చుట్టే అవ్వ వల్ల వచ్చింది. ఆమెకు భర్త లేడు. బీడీల మీద మిగిలినదంతా నా దగ్గర దాచుకునేది. కాగితం లేదు, నోటిమాటే. దుకాణం మునిగిపోతున్న రోజుల్లో నేను ఆమె పైకం పూర్తిగా ఇచ్చేశాను. ఆమె దానితో ఒక బర్రెను కొనుక్కుంది. నెల తిరగకముందే నేను ఐ.పి. పెట్టాను. నాకు అరువుకు నూలు పోసిన కరీంనగర్ సేటు కోర్టులో అడ్డం తిరిగాడు. అందరికీ రూపాయికి అణాల చొప్పున వస్తుంటే ఆమె ఒక్కదానికి పూర్తిగా ఎట్లా ఇస్తాడు, ఆ పైకం వెనక్కి తెప్పించండి అన్నాడు.

"నేనే పిలిచి ఇచ్చిన సాబ్. దిక్కులేని మనిషి గద" అన్నాను వకీలు సాబ్‌తో.

"మంచి పని చేసినననుకుంటున్నవు. చట్టం దీన్ని మోసం అంటది. దివాలా తీసేటోడు దరఖాస్తుకు ముందటి మూడు నెలలల్ల తన ఇష్టంతోని ఒక్కరికే ఇస్తే అది చెల్లది. అవ్వ బర్రె పాయె."

"మరి ఎట్ల సాబ్?"

"ఆమె ఒత్తిడి చేసి వసూలు చేసుకుంటే నిలుస్తది. చేసిందా?"

అవ్వ గట్టిగా మాట్లాడటం కూడా నేనెన్నడూ వినలేదు. అదే చెప్పాను. ఆయన నన్ను అబద్ధం చెప్పమనలేదు. చాయ తాగుతూ, "ఆ దినం అవ్వ అన్నం ఎక్కడ తిన్నది?" అని అడిగారు.

అది ఆయన అలవాటు. ఏ కేసుకైనా, ఎవరినైనా ఆ ప్రశ్న అడిగేవారు. తారీఖులు కల్పించి చెప్పేవాళ్లను చూశాను గానీ తిన్న అన్నం కల్పించి చెప్పేవాడిని చూడలేదనేవారు.

నేను తల వంచుకున్నాను. "నా దుకాణం గడప మీద" అన్నాను.

"నువ్వు పెట్టినవా?"

"సద్ది తెచ్చుకున్నది."

ఆయన కప్పు కింద పెట్టారు. నా వైపు చూసి మెల్లగా నవ్వారు. "ఇజ్జత్ కోసం దాచినవు. అంతేనా సావుకారీ?"

అంతే. మా దిక్కు పైకం రావలసిన ఆడమనిషి సద్ది మూట కట్టుకొని వచ్చి గడప మీద కూర్చుంటే, ఇక ఆమె నోరు తెరవనక్కర లేదు. పొద్దంతా ఉండటానికే వచ్చిందని ఆ మూటే చెబుతుంది. బజారున పోయే ప్రతివాడూ మూటను చూస్తాడు, తర్వాత దుకాణదారును చూస్తాడు. అవ్వ ఆ రోజు పొద్దున వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం మూట విప్పి జొన్నరొట్టె తిన్నది. ఆమె చెయ్యి కడుక్కునేలోగా నేను పైకం తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. పిలిచి ఇచ్చానని ఊరంతా చెప్పుకున్నాను. నా పేరు నిలపడానికి ఆమె కూడా అట్లాగే చెప్పింది.

పేషీ రోజు అవ్వ కోర్టు వరండాలో కొంగు బిగించుకొని నిలబడింది.

"ఏమని చెప్పాలె సారూ?"

"అయినది అయినట్టు చెప్పు."

"మరి సావుకారి పరువు?"

"సావుకారి ఐ.పి. పెట్టిండు అవ్వా. ఇంకేడిది పరువు? నీ బర్రె సంగతి చూసుకో."

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను.

బోనెక్కిన ఆమెను సేటు వకీలు పైకం అడిగావా, కొట్లాడావా, నోటీసు ఇచ్చావా అని అడిగాడు. అన్నిటికీ లేదంది. "మరేం చేసినవు?" అంటే, "సద్ది కట్టుకపోయి గడప మీద కూసున్న" అంది. జడ్జిగారు కోస్తా నుంచి కొత్తగా వచ్చారు. "ఆకలేస్తే తినడానికి తెచ్చుకుంది. అందులో ఒత్తిడి ఏముందండీ?" అన్నారు.

మా వకీలు సాబ్ మాత్రం మా ఆచారం గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. మనకు కావలసిన మాట మన సాక్షి చెబితే జడ్జి రాసుకుంటాడు, ఎదుటివాడు చెబితే నమ్ముతాడు అని ముందే నాతో అన్నారు. సేటు బోనెక్కేదాకా ఆగారు.

"సేట్, మీ కొట్టు గడప మీద ఎన్నడన్న ఆడమనిషి సద్దితోని కూసున్నదా?"

సేటు ముఖం ఎర్రబడింది. "నా గడప మీదనా? ఎందుకు కూసుంటది? నేనేమన్న ఇయ్యలేనోన్నా?"

"కూసున్నదే అనుకోండ్రి. ఏం చేస్తరు?"

"మూట ఇప్పనిస్తనా? పైసలు చేతుల పెట్టి పంపిస్త."

"మీ ఇష్టంతోనా?"

"ఇష్టమేంది సాబ్? బజార్ల ఇజ్జత్ పోతది గద."

వకీలు సాబ్ ఇక ఏమీ అడగకుండా కూర్చున్నారు. సేటు వకీలు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. జడ్జిగారు కళ్లద్దాలు సవరించుకొని సేటు మాటను చాలాసేపు రాసుకున్నారు.

బర్రె అవ్వకే దక్కింది. నా దుకాణం, ఇల్లు పోయాయి. అందులో ఆయన చేయగలిగింది లేదు, చేస్తానని ఆశ కూడా పెట్టలేదు. అప్పులన్నీ మాఫీ అయినట్టు కోర్టు చెప్పిన రోజు, "ఇప్పుడు నువ్వు అసలు సావుకారివి. ఎవనికి ఇచ్చేది లేదు" అన్నారు. జమ్మికుంట మిల్లులో లెక్కలు రాసే ఈ కొలువు కూడా ఆయన మాట మీదే దొరికింది.

వకీలు సాబ్ దినకర్మకు కరీంనగర్ వెళ్లాను. బెల్లంపల్లి గనుల్లో పనిచేసే ఆయన కొడుకు గుమ్మం దగ్గరే నా చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకుపోయాడు. ముఖంలో ఆందోళన కనిపించింది.

"బాపు ఈమెకు ఏమన్న ఇచ్చేది ఉండెనా? నీకెరుకుంటే చెప్పు, ఇప్పుడే ఇచ్చేస్త."

చూస్తే గడప మీద అవ్వ కూర్చొని ఉంది. జుట్టంతా నెరిసింది. ఒడిలో సద్ది మూట.

నేను దగ్గరికి వెళ్లి అడిగాను. "ఇచ్చేదేం లేదు బిడ్డా. బర్రెకు గడ్డేసి మొదటి బస్సుకు వచ్చిన. జరసేపు కూసుండి పోత" అంది. ఇప్పుడున్నది ఆ బర్రె దూడట.

లోపల వడ్డన మొదలైంది. కోడలు వచ్చి లోపలికి రమ్మని పిలిచింది. "నా సద్ది నాకున్నది తల్లీ, మీరు కానియ్యిండ్రి" అంది అవ్వ. తర్వాత కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. మూట విప్పింది.

ఆ దినం అన్నం ఎక్కడ తిన్నావని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెప్పగలను. వకీలు సాబ్ గడప మీద, ఎండలో, అవ్వ విరిచి ఇచ్చిన సగం రొట్టె.