వేలిముద్ర పడని చేయి

నారాయణగూడలో పరీక్ష సెంటర్. గేటు దగ్గర వేలిముద్ర మెషిన్ నా బొటనవేలిని ఎంతకీ తీసుకోలేదు. నా అరచేతులకు చిన్నప్పటి నుంచీ చెమట. అందుకే ఆ పొద్దున, హాస్టల్ రూమ్మేట్ సుజాత చెప్పిందని వేళ్లకు పౌడర్ రాసుకుని వెళ్లాను. అదే కొంప ముంచింది. ఇన్విజిలేటర్ వేలి మీద తెల్లటి పొడి చూశారు, హాల్‌టికెట్ ఫొటో చూశారు.

"ఏం పూసినవమ్మ వేలికి? ఎవరి బదులు వచ్చినవ్?"

చేతులు కడిగించి, సంతకాలు తీసుకుని ఆఖరికి లోపలికి పంపారు. అవమానంతో ప్రశ్నలు బుర్రకెక్కలేదు. ఆ పరీక్ష పోయింది.

తర్వాత నా ఒంటి మీద నాకే అనుమానం మొదలైంది. ఒళ్లంతా చెమట. పొద్దున లేస్తే దిండు తడి. బాగానే తింటున్నా బట్టలు వదులవుతున్నాయి. ఉద్యోగ పరీక్షలకు చదివే మా అశోక్‌నగర్ హాస్టళ్లలో ఏ జబ్బుకైనా ఒకటే పేరు, టెన్షన్. రిజల్ట్ వస్తే అన్నీ పోతాయని సుజాత తేల్చేసింది.

హైదర్‌గూడలో స్కిన్ డాక్టర్‌గారు నా అరచేతులు చూసి, నిద్రలో కూడా చెమట పడుతుందా అని అడిగారు. చేతుల కోసం వస్తే నిద్ర సంగతి ఎందుకో అర్థం కాలేదు. పడుతుందన్నాను.

"చేతులది ప్రైమరీ. చిన్నప్పటి నుంచి ఉంటది, నిద్రల ఆగుతది. ఒళ్లంతా, నిద్రల కూడా పడుతుందంటే సెకండరీ కావచ్చు. దాని వెనక ఇంకేదో ఉంటది. అదేందో చూడాలె" అన్నారు.

చేతులకు ఒక లోషన్, తర్వాత థైరాయిడ్, షుగర్ టెస్టులు, ఛాతీ ఎక్స్‌రే రాశారు. ల్యాబ్ కింది అంతస్తులోనే ఉంది. ఓహో, ల్యాబ్ కమీషన్ కోసమా ఈ టెస్టులు అనుకుని, లోషన్ మాత్రం కొనుక్కుని వచ్చేశాను.

లోషన్ మంటపెట్టినా చేతులు కొంచెం ఆరాయి. దిండు మాత్రం తడుస్తూనే ఉంది. ఒకరోజు చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని చదువుతుండగానే గుండె దడదడలాడింది, పెన్ను పట్టిన చేయి వణికింది. భయమేసింది. అయినా ఆ డాక్టర్‌కు సంబంధం లేని ల్యాబ్ వెతుక్కుని మరీ టెస్టులు చేయించాను. అక్కడ తేలింది, థైరాయిడ్ ఎక్కువ. తీసుకెళ్లి చూపిస్తే, రిపోర్టు ఎక్కడిదని డాక్టర్‌గారు అడగను కూడా లేదు.

ఇప్పుడు థైరాయిడ్ మాత్రలు వాడుతున్నాను. మధ్యలో మానేస్తే దడ మళ్లీ వచ్చింది, ఇక మానలేదు. దిండు పొడిగా ఉంటోంది. చేతులకు మాత్రం లోషన్ తప్పదు. మీరు డాక్టర్ దగ్గరకు వెళ్తే చెమట పడుతోందని చెప్పి ఊరుకోకండి. ఎక్కడ, ఎప్పటి నుంచి, నిద్రలో కూడానా అన్నది అడగకముందే చెప్పండి.

మొన్నటి పరీక్షకు పౌడర్ లేకుండా వెళ్లాను. రుమాలుతో వేలు తుడుచుకుని పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. నమ్మకం కుదరక మళ్లీ పెట్టబోయాను.

"పడ్డదమ్మా. నువ్వే, లోపలికి పో" అన్నారు గేటు దగ్గరి ఇన్విజిలేటర్.