టీచర్ నేర్పిన ‘యెట్’

మా ఇంగ్లిష్ టీచర్ చనిపోయారని మొన్న పొద్దున అన్న ఫోన్ చేసి చెప్పాడు. మానుకోట దవాఖానలో, నిద్రలోనే పోయారట. సమాధి డోర్నకల్‌లోనట. ఫోన్ పెట్టేశాక నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కాలేదు. జనగామలో రైలెక్కి, సీటు దొరికినా డోర్నకల్ దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఆమె కూడా కుదురుగా కూర్చునే మనిషి కాదు. క్లాసులో కుర్చీ మీద హ్యాండ్‌బ్యాగ్ ఉండేది. ఆమె బెంచీల మధ్య తిరుగుతూ, చీర కుచ్చిళ్లకు చాక్‌పీసు పొడి పూసుకుంటూ పాఠం చెప్పేవారు. మాది తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, ఆపైన ఇంగ్లిష్. ‘ఇంకా’ అనే ఒక్క మాటకు ఇంగ్లిష్‌లో స్టిల్, యెట్ అని రెండెందుకో మాకు అంతుపట్టేది కాదు.

“వాన ఇంకా పడుతున్నదంటే స్టిల్. ఆగాల్సింది ఆగలే. వాన ఇంకా పడలేదంటే యెట్. రావాల్సింది రాలే,” అన్నారొకరోజు. “స్టేషన్ల నిలబడి, బండి వచ్చిందా అని అడుగుతరు సూడు, ఆడ గూడ యెట్ పెట్టాలె. ఎదురుచూసేటోళ్ల మాట అది.”

“మరి పుస్తకంల ‘అలిసిపోయింది, యెట్ నడిచింది’ అనున్నది గద టీచర్?” అన్నాను.

“గక్కడ ‘అయినా’ అని. జర మొండిది ఆ మాట, నీ లెక్క,” అని నవ్వారు.

నేను పదో తరగతిలో ఉండగా, చలికాలంలో, తెలంగాణ ఇస్తామన్న ప్రకటన వచ్చింది. తండా అంతా ఎగిరి గంతేసింది. పక్షం తిరక్కుండానే ఆ మాట వెనక్కి పోయింది. మానుకోటలో డిగ్రీ చదువుతున్న అన్న, ఊరేగింపులో లాఠీ దెబ్బ తిని ఇంటికొచ్చాడు. దెబ్బ మానింది గానీ మనిషి మాట్లాడలేదు, సరిగా తినలేదు. “బతికి ఏం లాభం?” అని ఒకసారి గోడవైపు తిరిగి అన్నాడు. పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న వార్తలు పేపర్లో వస్తున్న రోజులవి. మేం యాడి అని పిలిచే మా అమ్మ, కూలికి పోవడం మానేసి గడపలోనే కాపలా కూర్చుంది. నేను రోడ్డు పక్కన రిలే దీక్షల టెంట్‌లో ఉన్న టీచర్ దగ్గరికి ఉరికాను. విన్న వెంటనే ఆమె చెప్పులు వేసుకుని నాతో తండాకు నడిచారు.

అన్న పక్కన నేల మీదే కూర్చున్నారు. ఆమె అలా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

“ఏందిరా గిట్లయినవ్?”

“తెలంగాణ రాదు టీచర్. ఇగ రాదు.”

“రాలే. గది నిజం. రాదని నీకెవరు చెప్పిన్రు?”

“మనతోటి ఆడుకుంటున్నరు.”

“నాకు గూడ కోపమే. అన్నం సయిస్తలేదు. ‘రాలే’కు ముందట ఒక్క మాట పెట్టు బిడ్డా.”

“ఇంకా,” అన్నాడు అన్న చివరికి. ఆ వెంటనే బోరున ఏడ్చాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి, ఏడుపు ఆగేదాకా ఉండి, “నడువు, టెంట్ల మనుషులు తక్కువున్నరు,” అన్నారు.

ఆ తర్వాత రోజూ వచ్చి తీసుకుపోయేవారు. మైకు పట్టమనేవారు, నీళ్లు మోయమనేవారు, సాయంత్రాలు మాకు లెక్కలు చెప్పమనేవారు. “కొన్నాళ్లు ఒక్కణ్ణి ఉండనియ్యకు అవ్వా,” అని యాడికి మాత్రం మెల్లగా చెప్పారు. మానుకోటలో డాక్టరుకు చూపించిందీ ఆమే.

రాష్ట్రం వచ్చేనాటికి టీచర్ మొగుళ్లపల్లికి బదిలీ అయ్యారు. అన్న ఫోన్ చేసి ఆ కబురు చెప్పాడట. ఆమె, “నౌకరీ పరీక్షకు సదువుతున్నవా లేదా?” అని గద్దించారట. అన్న ఇప్పుడు గంగారం అడవిలో బీట్ ఆఫీసర్.

డోర్నకల్ సమాధుల తోటలో ప్రార్థన ముగిశాక అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. జనం కదిలారు. అన్న కదల్లేదు, తన పిడికెడు ఇంకా వెయ్యలేదు. యూనిఫాంలోనే వచ్చాడు. బిగించిన పిడికిలిలోంచి ఎర్రమట్టి కొద్దికొద్దిగా జారి బూట్ల మీద పడుతోంది.